వార్తల్లో పదం: వెబ్‌క్వెస్ట్

అంతర్జాలమను మహారణ్యమున ఎనిమిదేండ్ల పసివానిని విడిచి, తిమింగలమును గూర్చి తెలిసికొని రమ్మనినచో, వాడు తిమింగలమునకు బదులు నాలుగు ప్రకటనలను, రెండు ఆటలను వెంటబెట్టుకొని రాగలడు. ఈ చిక్కునకు విరుగుడు వంటిది, అమెరికాలోని శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ తోడ్పాటుతో 1995లో రూపొందించిన వెబ్‌క్వెస్ట్ అను అన్వేషణాత్మక బోధనాపద్ధతి.

ఉపోద్ఘాతము మొదలు ముగింపు వరకు దీనికి పలు అంగములు కలవు గాని, ప్రాణమంతయు విద్యార్థికప్పగించు కార్యముననే యున్నది. తిమింగలము పొడవెంత యన్నది అన్వేషణ కాదు. యంత్రమే జవాబు చెప్పు ఈ దినములలో అది ప్రశ్నయు కాదేమో! అట్లుగాక, ఒకడు శాస్త్రజ్ఞుడును, ఒకతె జాలరియు, మరియొకడు ఓడ సరంగునై, ఉపాధ్యాయుడు ముందే చదివి ఏర్చియుంచిన నాలుగైదు జాలపుటలను పంచుకొని, ఓడలు తిమింగలములను ఢీకొనకుండ ఏ దారిన, ఎంత వేగమున పోవలెనో తమలో తాము వాదించి తేల్చి, పటముపై గీసి చూపవలెనన్నచో, చదివినదానిని మక్కికి మక్కి దింపుట సాధ్యపడదు.

చిన్నతరగతులకు ఒకటి మొదలు మూడు పీరియడ్లలో ముగియునది చాలును. ఏర్చిన పుటలలోని భాష పిల్లల చదువుస్థాయికి మించరాదు. పాఠమునకు ముందునాడు లంకెలన్నియు తెరచి చూచుకొనుట మేలు. అయిదవ తరగతివారికైతే, 1998లో పరిహాసమునకై పుట్టిన 'చెట్లపై నివసించు ఆక్టోపస్' జాలపుటను సైతము ఆ వనరులలో గుట్టుగా చేర్చి, దానిని మొదట శంకించువారెవరో చూడవచ్చును.