పాత ఇంజను - కొత్త ఇంజెక్టరు

కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోవునని సామెత. ఆచార వ్యవహారముల విషయమున ఇది ఎంతవరకు నిజమైనను, యంత్రముల విషయమున మాత్రము పూర్తిగా నిజము కాదు. ఒక యంత్రములోని భాగములన్నియు ఒకేసారి ముసలివి కావు. ముప్పది సంవత్సరములు నడచిన కారులో ఇంజను గట్టిగానే యుండవచ్చును. దానికి పెట్రోలు అందించు చిన్న పరికరము మాత్రము అరిగిపోయి, మడ్డి పట్టి, పని చెడియుండవచ్చును. అట్టి భాగము అదే నమూనాలో దొరకనప్పుడు తరువాతి తరమునకు చెందిన భాగమును తెచ్చి అమర్చుకొనుట తప్పదు. అప్పుడు కొత్తనీరు పాత కాలువలోనే పారవలసి యుండును. కాలువ కొలతలు తెలిసికొనక నీరు వదలినచో ఏమగునో, పాత కారు ఇంజనుకు కొత్త ఇంజెక్టర్లు అమర్చు పని చక్కగా బోధించును.

పెట్రోలు కొలత

ఇంజనులో పెట్రోలు తనంత తాను మండదు. గాలితో తగిన పాళ్లలో కలిసి మండును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు, బరువున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి హెచ్చినచో మంట నిలకడ తప్పును. పెట్రోలు హెచ్చినచో పొగయు, నష్టమును కలుగును. పాత కార్లలో ఈ పాళ్లను కుదుర్చు పని కార్బ్యురేటరుది. ఇంజను పీల్చుకొను గాలి ఒక ఇరుకైన గొంతుక గుండా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గును. ఆ తగ్గుదల వలన పెట్రోలు పైకి లాగబడి గాలిలో కలియును. భారతదేశమున చిరకాలము తిరిగిన పెట్రోలు అంబాసిడరు, ప్రీమియరు పద్మిని కార్లు ఈ పద్ధతి మీదనే నడచినవి.

ఇంజెక్టరు పద్ధతి వేరు. అది విద్యుత్తుతో తెరచుకొను పిచికారి వంటిది. 1957లో అమెరికాలోని బెండిక్స్ సంస్థ ఎలక్ట్రోజెక్టరు అను పేర ఇట్టి పద్ధతిని వెలువరించెను. 1958 నాటి కొన్ని క్రైస్లరు కార్లలో దానిని అమర్చిరి. కాని ఆ కాలపు ఎలక్ట్రానిక్ భాగములు రోడ్డు మీది కష్టమునకు ఓర్వలేకపోయినవి. ఆ కార్లలో పెక్కింటికి మరల కార్బ్యురేటర్లనే బిగింపవలసి వచ్చెను. 1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ డి-జెట్రానిక్ అను పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశపెట్టిన పిదపనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షను నిలద్రొక్కుకొన్నది.

ఇంజెక్టరులో ఒక తీగచుట్ట, ఒక స్ప్రింగు, ఒక సూది యుండును. వెనుకనున్న గొట్టములో పంపు పెట్రోలును నిరంతరము ఒత్తిడిలో నిలిపియుంచును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంత బలము సూదిని వెండ్రుకవాసి పైకెత్తును. పెట్రోలు తుంపరలుగా చిమ్మును. విద్యుత్తు ఆగినంతనే స్ప్రింగు సూదిని మరల దించును. ఎంతసేపు తెరచియుంచవలెనో నిర్ణయించునది కారులోని చిన్న కంప్యూటరు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపదగియున్నది. కంప్యూటరు పెట్రోలును కొలువదు. కాలమును మాత్రమే లెక్కించును. ధాన్యపు కొట్టులో గుమాస్తా ఇన్ని కుంచములు అని చీటీ వ్రాసి పంపును; కొలుచువాడు ఆ చీటీ ప్రకారము కొలిచి పోయును. ఎవరైనను కుంచమును మార్చి గుమాస్తాకు చెప్పకున్నచో, అతని చీటీలో తప్పు లేకున్నను గాదెలో లెక్క తప్పును. ఇంజెక్టరే ఆ కుంచము. పాత కంప్యూటరు పాత కుంచమునే నమ్మి చీటీలు వ్రాయుచుండును.

జీపు చెరోకీ ఉదాహరణము

అమెరికాలో ఈ మార్పిడికి ప్రసిద్ధి కెక్కిన బండి జీపు చెరోకీ. దానిలోని నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను 1987 నమూనాలలో వెలువడి, 2006 వరకు జీపు బండ్లలో కొనసాగెను. ఇంజను దీర్ఘాయుష్మంతమని పేరు పొందినది. తొలి నమూనాల ఇంజెక్టర్లకు ఒకే రంధ్రము. తరువాతివానికి నాలుగు సన్నని రంధ్రములు. రంధ్రములు సన్ననగుకొలది తుంపర సన్ననగును. తుంపర సన్ననైనచో పెట్రోలు గాలిలో చక్కగా కలియును. కావున పాత బండ్లు గలవారు కొత్త ఇంజెక్టర్లను కొని తగిలించుకొనుట ఆరంభించిరి. ఇంజను నునుపుగా తిరుగుననియు, పెట్రోలు కలిసివచ్చుననియు వారి ఆశ. ఆశ నిరాధారము కాదు. కాని రంధ్రములో పట్టిన భాగమెల్ల యంత్రమునకు పొసగదు.

మొదటి పరీక్ష పీడనము. తొలి చెరోకీ బండ్లలో పెట్రోలు పీడనము, వాయుశూన్యపు గొట్టము విప్పి కొలిచినప్పుడు, చదరపు అంగుళమునకు సుమారు 39 పౌండ్లు. 1990ల చివరి నమూనాలలో అది 49 పౌండ్లు. ద్రవము రంధ్రము నుండి వెలువడు వేగము పీడనపు వర్గమూలమును అనుసరించి యుండును. 1644లో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి నీటి తొట్టె విషయమున ప్రకటించిన సూత్రమే ఇది. 49 పౌండ్ల వద్ద నిమిషమునకు 250 ఘన సెంటీమీటర్లు చిమ్ము ఇంజెక్టరును 39 పౌండ్ల బండిలో పెట్టినచో అది చిమ్మునది 223 మాత్రమే. నూటికి పదునొకండు పాళ్లు తగ్గినవి. ఇంజెక్టరును అమ్మువాడు చెప్పు అంకె ఏ పీడనము వద్ద కొలిచినదో అడిగి తెలిసికొననివాడు ఇచ్చటనే మోసపోవును. పాఠశాలలో వర్గమూలములు నేర్చిన బాలుడు ఈ లెక్కను కాగితము మీద నిమిషములో తేల్చగలడు. లెక్క తెలియనివాడు ఇంజనును పాడుచేసికొని తెలిసికొనును.

రెండవ పరీక్ష కాలము. నిమిషమునకు 5000 చుట్లు తిరుగు ఇంజనులో రెండు చుట్లకు పట్టు కాలము సెకనులో వేయింట 24 వంతులు. ఒక్కొక్క సిలిండరుకు కావలసిన పెట్రోలంతయు ఆ వ్యవధిలోనే చిమ్మవలెను. సూది ఆజ్ఞ అందినంతనే లేవదు. తెరచుకొనుటకు వేయింట ఒకటవ వంతు ప్రాంతమున కాలము వ్యర్థమగును. ఈ జాగు ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క తీరున ఉండును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు కంప్యూటరు వేయింట రెండున్నర వంతుల కాలము ఇచ్చినదనుకొనుడు. జాగు పోగా మిగులునది ఒకటిన్నర. కొత్త ఇంజెక్టరు జాగు వేయింట 0.3 వంతు హెచ్చినచో, పెట్రోలు అయిదవ వంతు తగ్గిపోవును. అదే బండి వేగముగా పోవునప్పుడు, పదునైదు వంతుల కాలములో ఆ తేడా నూటికి రెండుపాళ్లు మాత్రమే. రోడ్డు మీద గుఱ్ఱమువలె పరుగెత్తు బండి కూడలి వద్ద నిలిచినప్పుడు వడకి ఆగిపోవుటకు ఇది ఒక కారణము.

మూడవ పరీక్ష విద్యుత్తు. తీగచుట్టల నిరోధము రెండు తరగతులుగా నుండును: కొన్నింటికి రెండు మూడు ఓములు, కొన్నింటికి పండ్రెండు మొదలు పదునారు వరకు. 14 వోల్టుల వద్ద రెండు ఓముల చుట్ట 7 ఆంపియర్లు లాగును. పదునాలుగు ఓముల చుట్ట ఒక్క ఆంపియరే లాగును. ఎక్కువ నిరోధమునకై కట్టిన కంప్యూటరుకు తక్కువ నిరోధపు ఇంజెక్టర్లు తగిలించినచో దానిలోని ట్రాన్సిస్టర్లు కాలిపోవును. కొన్ని పాత జర్మను కార్లలో తక్కువ నిరోధపు ఇంజెక్టర్లకు తోడుగా వేరే నిరోధకములు వరుసలో అమర్చబడియున్నవి. అట్టి బండిలో కొత్తరకము పెట్టునప్పుడు ఆ నిరోధకములను తొలగింపవలెను. ఇరువది రూపాయల తీగముక్కతో తేలు పనికి కంప్యూటరు ఖరీదును బలిపెట్టుట తగదు గదా!

నాలుగవ పరీక్ష తుంపర దిశ. చెరోకీ ఇంజనులో సిలిండరుకు ఒకే ప్రవేశ కవాటము. రెండు ప్రవేశ కవాటములు గల ఇంజనుకై తయారైన ఇంజెక్టరు తన తుంపరను రెండు పాయలుగా చీల్చును. దానిని ఇచ్చట పెట్టినచో పెట్రోలు కవాటము మీద పడక గోడలను తడుపును. అంకెలన్నియు సరిపోయినను దిశ తప్పినచో ఫలము దక్కదు.

ప్రమాదము ఎచ్చటనున్నది?

ఇంజెక్టరు రెండు కొనల యందును రబ్బరు వలయము లుండును. పొడవులో స్వల్పభేదమున్నను, వలయము నలిగినను పెట్రోలు చెమర్చును. చెరోకీ ఇంజనులో గాలి లోనికి వచ్చు గొట్టములును, పొగ వెలుపలికి పోవు గొట్టములును ఒకే ప్రక్కన ఉన్నవి; ఇంజెక్టర్ల క్రిందనే కాగిన ఇనుము. ఒక్క వలయము కారినను అగ్నిప్రమాదమే. కావున తెలిసిన మెకానికు ముందుగా పీడనము తొలగించి, బ్యాటరీ తీగ విప్పి పని మొదలుపెట్టును. వలయములకు శుభ్రమైన నూనె రాచి నిటారుగా దించును. పని ముగిసిన పిదప ఇంజనును నడుపక, తాళము మాత్రము త్రిప్పి పంపును ఆడించి, ప్రతి కీలు వద్దను తడి యున్నదేమో చూచును.

రెండవ ప్రమాదము కంటికి కనబడదు. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సారు మిశ్రమము పలుచబడినదా, చిక్కబడినదా అని కంప్యూటరుకు తెలుపుచుండును. ఆ సమాచారముతో కంప్యూటరు కొంతవరకు తన చీటీని దిద్దుకొనగలదు. కొత్త ఇంజెక్టరు పరిమాణము కొంత తేడాగా నున్నను బండి బాగుగా నడచుటకు ఇదియే కారణము. కాని అట్టి పాత బండ్లలో, పూర్తి బలముతో మెట్ట ఎక్కునప్పుడు కంప్యూటరు ఆ సెన్సారు మాట వినదు. తనలోని పాత పట్టికనే నమ్మును. పెట్రోలు చాలక మంట మితిమీరి కాగి, పిస్టను దెబ్బతిను సమయము సరిగా అదియే. నిదానముగా నడుపునప్పుడు కనబడని లోపము, బలము కావలసినప్పుడు బయటపడును.

మెచ్చుకొనదగిన మార్గము

ఇన్ని చిక్కులున్నవని ఈ పనిని నిరసింపనక్కరలేదు. సరియైన జతను ఎన్నుకొన్నచో పాత ఇంజనుకు నిజముగా మేలు కలుగును. అయితే ఆ మేలులో కొంత మాత్రమే కొత్త రంధ్రములది. మిగిలినది మడ్డి పట్టిన ఆరింటి స్థానమున శుభ్రమైన ఆరు వచ్చుట వలన కలిగినది. ఈ రెంటిని వేరుచేసి చూడవలెనన్నచో, ముందుగా పాతవానిని విప్పి శుద్ధిచేయించి, ఒక్కొక్కటి నిమిషమునకు ఎంత చిమ్ముచున్నదో కొలిపింపవలెను. ఆరును సమముగా చిమ్మినచో మార్పుతో పనియే లేకపోవచ్చును. ఒకటి రెండు వెనుకబడినచో ఆ సిలిండరు ఒక్కటే పస్తులున్నదని తెలియును. మార్చవలసి వచ్చినప్పుడు, కొత్తవానిని కూడ బండిలోని పీడనము వద్దనే కొలిపించి, ఆరును ఒకే జతగా మార్చవలెను. చట్టమును కూడ మరువరాదు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రములలో, పొగపై ప్రభావము చూపు మార్పులకు అనుమతి కావలెను.

కొత్త భాగము పాతదానికంటె మేలైనదా అని అడుగుట సగము ప్రశ్న మాత్రమే. ఈ యంత్రము ఏ కొలతను నమ్మి నడచుచున్నది, ఈ భాగము ఆ కొలతకు నిలుచునా అనునది మిగిలిన సగము. మొదటి సగమునకు అంగడివాడు సమాధానము చెప్పును. రెండవదానికి కొలతపాత్ర, గడియారము, కొంచెము గణితము కావలెను. వానిని చేతబట్టినవాని బండి మరి పదేండ్లు మెట్టలెక్కును.