మన అలంకారమునకు మూగజీవుల బాధ తగునా?



షూషను కోటలో రాజు ఎదుటికి వెళ్ళవలసిన కన్యకలకు పన్నెండు నెలలపాటు అలంకరణ జరిగేదని ఎస్తేరు గ్రంథము 2:12లో చదువుతాము. సగము కాలము గోపరస తైలము, మిగతా సగము సుగంధ ద్రవ్యాలు. బైబిలు ఈ సంగతి చెప్పి ఊరుకుంటుంది, మెచ్చుకోదు, తప్పూ పట్టదు. కనుక ఈ వ్యాసము ఎవరిచేతా పౌడరు, కాటుక మానిపించడానికి కాదు. 1 పేతురు 3వ అధ్యాయము మీద మన సహోదరీలు కావలసినన్ని ప్రసంగాలు విన్నారు. సహోదరులు తమ తలకు వేసుకునే రంగును గురించి మాత్రం అంతగా వినలేదు.

నా ప్రశ్న వేరు. ఆ షాంపూ, ఆ క్రీము, ఆ రంగు మన చేతికి రాకముందు ఎవరి మీద పరీక్షించారు?

అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖలో పనిచేసిన జాన్ డ్రేజ్ అనే శాస్త్రవేత్త 1944లో ఒక పరీక్షా విధానాన్ని ప్రకటించాడు. తెల్ల కుందేలును కదలకుండా, తల మాత్రమే బయటికి కనబడేలా పెట్టెలో బిగిస్తారు. ఒక కంటిలో పరీక్షించవలసిన పదార్థము వేస్తారు. రెండవ కన్ను పోల్చి చూడడానికి అలాగే వదులుతారు. గంటకు, ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు కన్ను ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, కనుగుడ్డు మీది పారదర్శకమైన పొర ఎంత తెల్లబడింది అని మార్కులు వేస్తారు. అవసరమనుకుంటే 21 రోజుల వరకు చూస్తారు. కుందేలు మనలాగా తరచు రెప్ప వేయదు, దానికి కన్నీరు తక్కువ. వేసిన మందు కడుక్కుపోదు. దానిని ఎన్నుకోవడానికి అదీ ఒక కారణము.

ఇంతకు ముందే, 1927లో, బ్రిటనులో ట్రెవన్ అనే శాస్త్రవేత్త మరొక పద్ధతి కనిపెట్టాడు. ఒక గుంపు జంతువులలో సగము చనిపోవడానికి ఎంత మోతాదు కావాలో లెక్కకట్టడమే ఆ పద్ధతి. మందుల బలాన్ని కొలవడానికి పుట్టిన ఈ లెక్క తరువాత లిప్‌స్టిక్కుల దాకా పాకింది.

అయితే ఈ పరీక్షలు క్రూరత్వము కొద్దీ మొదలు కాలేదు. 1933లో అమెరికాలో ‘లాష్ ల్యూర్’ అనే కనురెప్పల రంగు అమ్మేవారు. దానిలో పారాఫెనిలీన్ డయామీన్ అనే రసాయనము ఉండేది. అది వేసుకున్న స్త్రీలలో కొందరికి చూపు పోయింది, ఒకామె మరణించింది. అప్పటి చట్టానికి సౌందర్య సాధనాల మీద అధికారమే లేదు. ఇలాంటి ఘోరాలు చూసిన తరువాత 1938లో అక్కడ కొత్త చట్టము వచ్చింది. ఆ స్త్రీల కన్నీళ్ళను మరచి కుందేలు గురించి మాత్రమే మాట్లాడితే న్యాయము కాదు. (ఆ రసాయనము నేటికీ అనేక జుట్టు రంగులలో ఉంది. వాడకముందు కొంచెం చర్మము మీద వేసి రెండు రోజులు చూడమని డబ్బాల మీద రాసేది అందుకే. ఆ రెండు రోజులు ఆగేవారు ఎందరు?)

ఇక వాక్యము దగ్గరకు వద్దాము. ఆదికాండము 1:28లో మనుష్యునికి జీవులమీద ఏలుబడి ఇవ్వబడింది. ఆ ఒక్క వచనము పట్టుకుని జంతువులను ఏమైనా చేయవచ్చునని చెప్పేవారున్నారు. కానీ 9వ అధ్యాయములో దేవుడు నోవహుతోనే గాక ఓడలోనుండి వచ్చిన సమస్త జీవులతోను నిబంధన చేశాడు. విశ్రాంతిదినము ఎద్దుకు, గాడిదకు కూడా ఉంది (నిర్గమకాండము 23:12). నీనెవెను కనికరించడానికి దేవుడు యోనాకు చెప్పిన కారణాలలో పసివారితోపాటు ఆ పట్టణపు పశువులూ ఉన్నాయి. ఆ గ్రంథపు చివరి మాట పశువులను గురించినదే. తన పశువు ప్రాణము ఎరిగినవాడే నీతిమంతుడని సామెతలు 12:10 భావము.

బిలాము గాడిద సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. దేవుడు బిలాము కన్నులు తెరచిన తరువాత దేవదూత అతనిని అడిగిన మొదటి ప్రశ్న శపించడానికి వెళ్ళే ప్రయాణము గురించి కాదు. ఈ గాడిదను మూడుసార్లు ఎందుకు కొట్టావు అని! ప్రవక్తకు కనబడనిది దానికి కనబడింది.

1 కొరింథీయులకు 9:9లో పౌలు, దేవునికి ఎద్దుల మీద చింతా అన్నట్టు అడిగాడు కదా అని కొందరంటారు. అక్కడ ఆయన సువార్తికుల జీతభత్యాల గురించి వాదిస్తున్నాడు. మా పాస్టర్లకు ఎంతో ప్రియమైన భాగమది! అయితే కళ్ళములో తిరిగే ఎద్దుకు మూతి కట్టకూడదన్న ఆజ్ఞను పౌలు కొట్టివేయలేదు. ఎద్దుకే అంత న్యాయముంటే పనివానికి మరి ఎంత అన్నదే ఆయన తర్కము.

‘పండుగకు మేకను కోసి బిర్యానీ వండుకునే మనము కుందేలు కోసము ఏడవడమా?’ ఇది మంచి ప్రశ్న. నేను శాకాహారిని కాను. పైగా జీవకారుణ్యము పేరుతో, తినే కూర పేరుతో మనుష్యులను తక్కువ చేసిన అనుభవము మన సంఘాలలో ఎన్నో కుటుంబాలకు ఉంది. కాబట్టి ఈ మాట ఎత్తగానే కొందరి మనసు గట్టిపడితే నేను తప్పు పట్టను. అయినా ఆదికాండము 9:3లో మాంసానికి అనుమతి ఇచ్చిన దేవుడు, ఆ వెంటనే తరువాతి వచనములో హద్దు కూడా పెట్టాడు. ఆకలి ఒక అవసరము. మందు కూడా అంతే. 1921లో కెనడాలోని టొరంటోలో కుక్కల మీద జరిగిన ప్రయోగాల నుండి ఇన్సులిన్ వచ్చింది. చక్కెర వ్యాధితో మంచాన పడిన బిడ్డ తల్లి ఎదుట నేను ఆ ప్రయోగాలను ఖండించలేను. కానీ అంగడిలో ఇప్పటికే వంద రకాల షాంపూలుండగా, నూట ఒకటవ దాని కోసము ఒక జీవి కన్ను పాడుచేయడము ఏ అవసరము కింద వస్తుంది? 1947లో సి.ఎస్. లూయిస్ జంతు ప్రయోగాల గురించి వ్యాసము రాస్తూ, జంతువు మనకంటె తక్కువది కనుక హింసించవచ్చునన్న వాదము రేపు మనము తక్కువనుకునే మనుష్యుల మీదికి తిరుగుతుందని హెచ్చరించాడు. తక్కువ అనిపించుకోవడమంటే ఏమిటో మన దేశములో వేరే చెప్పనక్కరలేదు.

క్రైస్తవులకు ఈ పని కొత్త కాదు. 1824లో లండనులో జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించడములో ముందున్నవాడు ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి. బానిసత్వము మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆయనతో ఉన్నాడు. సంఘానికైన అప్పుల కోసము బ్రూమ్ చెరసాలకు కూడా వెళ్ళాడు.

పోనీ, ఈ పరీక్షల ఫలితాలైనా నమ్మదగినవా? 1971లో వెయిల్, స్కాలా అనే ఇద్దరు అవే పదార్థాలను ఇరవైకి పైగా ప్రయోగశాలలకు పంపి చూశారు. ఒకచోట కంటికి ప్రమాదమని తేలినది మరొకచోట ఏమీ కాదని తేలింది. 1980లో హెన్రీ స్పైరా అనే ఉపాధ్యాయుడు న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించి, రెవ్లాన్ కంపెనీని కుందేళ్ళ సంగతి నిలదీశాడు. ఆ కంపెనీ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ఇచ్చి, ప్రత్యామ్నాయాలు వెదకమంది. ఇప్పుడు మనిషి చర్మ కణాలను పెంచి తయారుచేసిన పొరల మీద పరీక్షిస్తున్నారు. మాంసము కొరకు కబేళాలో కోసిన పశువుల కళ్ళపొరలను వాడే పద్ధతి కూడా 2009 నుండి అంతర్జాతీయముగా ఆమోదములో ఉంది. మన హైదరాబాదులో సీసీఎంబీకి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఇటువంటి పద్ధతుల కోసము ఒక కేంద్రము నెలకొల్పారు.

మన ప్రభుత్వము 2014 మే నెలలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని నిషేధించింది. అదే సంవత్సరము నవంబరు నుండి, అలా పరీక్షించినవాటి దిగుమతిని కూడా ఆపింది. ఐరోపా సమాజము తన నిషేధాన్ని 2013 మార్చిలో పూర్తిచేసింది. అయినా సమస్య తీరిందనుకోకండి. చైనా దిగుమతి సరుకుకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న నియమాన్ని 2021లో మాత్రమే, అదీ షరతులతో, సడలించింది. ఐరోపాలోనే, సన్‌స్క్రీన్‌లో వాడే రెండు పదార్థాలకు ఫ్యాక్టరీ కార్మికుల భద్రత నిమిత్తము జంతు పరీక్షలు జరపాలన్న ఆదేశాన్ని 2023 నవంబరులో న్యాయస్థానము సమర్థించింది. కార్మికుని ఆరోగ్యమూ చిన్న విషయము కాదు గనుక ఇక్కడ నేను తొందరపడి తీర్పు చెప్పను.

ఇంట్లో ఇప్పుడున్న సీసాలను పారేయాలా అని యౌవనస్థులు అడుగుతారు. అవసరము లేదు, వాడి ముగించండి. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీది కుందేలు బొమ్మను చూసి మోసపోకండి, ఆ బొమ్మ ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. 1996లో కొన్ని జంతు సంక్షేమ సంఘాలు కలిసి ‘లీపింగ్ బన్నీ’ అనే గెంతే కుందేలు గుర్తును ప్రారంభించాయి. దానిని పొందాలంటే ముడిసరుకు అమ్మేవారి సంగతి కూడా కంపెనీ చూపించాలి. ఆ గుర్తు లేకపోతే డబ్బా మీదున్న చిరునామాకు ఒక కార్డు రాయండి. రెండు ప్రశ్నలు చాలు: మీ ముడిపదార్థాలను జంతువుల మీద పరీక్షించారా? అయితే ఏ సంవత్సరములో, ఏ దేశములో? జవాబు వస్తే మీ సంఘ కాపరికి కూడా చూపించండి.