బడి, కుటుంబం, సమాజం: వినుకొండ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బడికీ కుటుంబానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని చట్టం కమిటీల రూపంలో నిర్వచించింది. పత్తి, మిరప పంటలపై ఆధారపడిన వినుకొండ ప్రాంతంలో ఆ సంబంధాన్ని పంటకాలం, కూలి, వలస, కులం నిర్దేశిస్తున్నాయి. చట్టం కల్పించిన అవకాశానికీ కూలి కుటుంబాల జీవనానికీ మధ్యగల దూరాన్ని వివరించి, దానిని తగ్గించే మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విద్యాహక్కు చట్టం, తల్లిదండ్రుల కమిటీ, వినుకొండ, కాలానుగుణ వలస, సాయంకాల బోధన.

1. ఉపోద్ఘాతం

మహాకవి గుఱ్ఱం జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. అస్పృశ్యత కారణంగా బాల్యంలో ఆయన పొందిన అవమానాలు సాహిత్య విద్యార్థులకు తెలిసినవే. అనంతరకాలంలో ఆయన ఉపాధ్యాయవృత్తిని చేపట్టారు. ఈ జీవితాన్ని విద్యాదృష్టితో పరిశీలిస్తే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. బడిలో సమాజ భాగస్వామ్యం అన్నప్పుడు ఆ సమాజం ఎవరు? జాషువ బాల్యంలోనూ బడి చుట్టూ సమాజం ఉంది. ఆ సమాజమే ఆయనను దూరంగా నిలిపింది. కనుక ఊరిపెద్దలు బడికి వచ్చినంతమాత్రాన ఊరంతా బడికి వచ్చినట్లు కాదు. భాగస్వామ్య చర్చకు ఈ వివేచనే ప్రాతిపదిక.

2. చట్టం కల్పించిన చోటు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో వచ్చిన పాఠశాల విద్య ప్రజాభాగస్వామ్య చట్టం విద్యాకమిటీలకు చట్టబద్ధత కల్పించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009 దీనిని జాతీయస్థాయికి విస్తరించింది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతులమంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. వెనుకబడిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. 22వ సెక్షన్ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రూపకల్పనను ఈ కమిటీకే అప్పగించింది.

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'మన బడి: నాడు-నేడు' కార్యక్రమంలో నిర్మాణ పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. మొదటిదానిలో తల్లిదండ్రులు పనుల పర్యవేక్షకులు, రెండవదానిలో ఆహ్వానితులు. బోధన విషయంలో వారి మాటకు స్థానం ఎంత అన్నది ఈ రెండింటి తరువాతా మిగిలే ప్రశ్న.

3. పంటకాలం, బడికాలం

పత్తితీతలు సాధారణంగా అక్టోబరు, నవంబరులలో మొదలవుతాయి. అవి ముగింపుకు వచ్చేసరికి, అంటే జనవరి నాటికి, మిరపకోతలు అందుకుంటాయి. కోత, కల్లాలలో ఆరబెట్టడం, తాలుకాయలు ఏరడం ఏప్రిల్ వరకు సాగుతాయి. పదవ తరగతి పరీక్షలు జరిగేది మార్చిలో. అంటే విద్యార్థికి ఇంటి తోడ్పాటు ఎక్కువగా అవసరమైన నెలలలోనే తల్లి తెల్లవారుజామున చేనికి బయలుదేరుతుంది. పగటిపూట జరిగే కమిటీ సమావేశానికి హాజరుకావడమంటే ఆమెకు ఒకరోజు కూలి పోగొట్టుకోవడమే. ఆమె గైర్హాజరును అనాసక్తిగా నమోదు చేయడం పొరపాటు.

మిరపకోతలకు పశ్చిమ ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు. వారి పిల్లల పేర్లు ఒక ఊరి హాజరుపట్టీలో ఉంటాయి. పిల్లలు మరొక ఊరి చేలగట్లపై ఉంటారు. ఏ కమిటీలోనూ ఆ తల్లిదండ్రులకు చోటుండదు. పిల్లలను స్వగ్రామంలోనే నిలిపి చదివించే సీజనల్ హాస్టళ్లు ఈ సమస్యకు ఒక పరిష్కారం. అయితే అమ్మమ్మో నాయనమ్మో పిల్లల బాధ్యత వహించే ఇళ్లలో సంరక్షకులుగా వారినే బడి గుర్తించాలి.

4. సిద్ధాంతం, అనుభవం

అమెరికా విద్యాసామాజికవేత్త జాయిస్ ఎప్‌స్టీన్ కుటుంబ భాగస్వామ్యాన్ని ఆరు రకాలుగా విభజించారు. అవి పిల్లల పెంపకం, బడితో సమాచార వినిమయం, స్వచ్ఛంద సేవ, ఇంటివద్ద అభ్యసనం, నిర్ణయాధికారం, సమాజ సహకారం. ఇంటివద్ద అభ్యసనం అన్న అంశాన్ని చదువురాని తల్లిదండ్రులకు యథాతథంగా అన్వయిస్తే వారు అసమర్థులుగా కనిపిస్తారు. అదే చట్రంలోని నిర్ణయాధికారానికి మాత్రం అక్షరజ్ఞానం అడ్డుకాదు. ఉపాధ్యాయుడు వస్తున్నాడా, మధ్యాహ్నభోజనం సరిగా ఉందా, బిడ్డ చదవగలుగుతున్నాడా అని అడిగే హక్కు అందరిదీ.

తెలుగునేలపై ఇందుకు ప్రబల నిదర్శనం ఎం.వి. ఫౌండేషన్ కృషి. శాంతా సిన్హా నాయకత్వంలో ఈ సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి చేర్చింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే పరిగణించడం దాని మూలసూత్రం. పని మానిన పిల్లలను బ్రిడ్జి శిబిరాలలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. పేద తల్లిదండ్రులు చదువుకు విముఖులన్న అభిప్రాయాన్ని ఈ అనుభవం తోసిపుచ్చింది. 2003లో శాంతా సిన్హా రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు.

5. వినుకొండకు అన్వయం

పై పరిశీలన నుంచి కొన్ని ఆచరణీయ సూచనలు చేయవచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు కమిటీ సమావేశాలను కూలీలు ఇంటికి చేరిన తరువాత, కూలివాడలోనే జరపాలి. ప్రణాళికను కాగితంపై సంతకాలకు పంపక చదివి వినిపించాలి. బడి ముగిసిన తరువాత, తల్లిదండ్రులు వచ్చేవరకు పిల్లలకు సాయంకాల బోధన ఏర్పాటు చేయాలి; డిగ్రీ చదువుతున్న ఊరి యువత ఇందులో తోడ్పడగలదు. ఈ బోధన లేనిచోట పెద్దపిల్ల తమ్ముళ్లను చూసుకోవడానికి ముందుగా ఇల్లు చేరుతుంది. క్రమంగా బడికి దూరమవుతుంది. వలస వచ్చిన పిల్లలను కోతలు జరిగే ఊరిబడి చేర్చుకొని, వారి హాజరు వివరాలను స్వగ్రామ పాఠశాలకు తెలియజేయాలి.

6. ముగింపు

తల్లిదండ్రులు బడికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్నతో ఆరంభమయ్యే పరిశోధన తప్పును కుటుంబంలో వెదకుతుంది. బడి ఏ వేళకు, ఎవరి వాడకు, ఏ మాటతో వెళ్తున్నదన్న ప్రశ్నతో ఆరంభమైతే మార్పునకు వీలున్న చోటు కనిపిస్తుంది. నాలుగింట మూడువంతుల స్థానాలను చట్టం ఇచ్చింది. మిరపచేనిలో ఉన్న తల్లి ఆ స్థానంలో కూర్చోగలిగే వేళను నిర్ణయించవలసింది బడి. జాషువ పుట్టిన ఊరిలో సమాజ భాగస్వామ్యానికి దూరంగా నిలిపిన వారు దగ్గరకు రాగలగడమే గీటురాయి.