పాత మిద్దె ఎందుకు కూలుతుంది? చూడాల్సింది గోడను కాదు.. దూలం చివర్ని!

చంద్రగిరి కోటలోని రాజమహల్ గురించి అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. అంత పెద్ద కట్టడంలో చెక్క వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టేశారు. కానీ రైతులు కట్టుకున్న పాత మట్టి మిద్దెలు దీనికి పూర్తిగా రివర్స్. వాటికి చెక్కే ప్రాణం. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి కడప, అనంతపురం దాకా ఇలాంటి మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. వాటిలో మనుషులు ఉంటూనే ఉన్నారు. ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట ఓ మిద్దె కూలిందనే వార్త వస్తూనే ఉంది. మరి తరాలు నిలిచిన ఇల్లు ఒక్క ముసురుకే ఎందుకు కూలుతుంది? అది తెలియాలంటే ముందు మిద్దె ఎలా నిలబడుతుందో తెలియాలి.

బరువు మోసేది ఎవరు?

ముందుగా గట్టి చెక్క స్తంభాలు నిలబెడతారు. చెక్కకు నేల తేమ, చెదలు అంటకుండా కింద రాతి దిమ్మ పెడతారు. స్తంభాల మీద అడ్డంగా లావుపాటి దూలాలు వేస్తారు. దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు పరుస్తారు. వాటిపైన కట్టె పేళ్లు, లేదంటే బండలు. ఆపైన మందంగా మట్టి. వేప, వేగిస లాంటి చెట్ల కలప దీనికి వాడేవాళ్లు. శేషాచలం కొండల చుట్టుపక్కల ఒకప్పుడు ఎర్రచందనం కూడా ఇళ్ల స్తంభాలకు పనికొచ్చింది.

కొన్ని ఇళ్లలో దూలం చివరలు నేరుగా గోడ మీదే కూర్చుంటాయి. ఇంకొన్నింట్లో గోడను ఆనుకుని, లేదా గోడలోనే స్తంభం ఉంటుంది. ఈ రెండో రకంలో గోడ కేవలం చాటు మాత్రమే, భారం మొత్తం చెక్కదే. యూరప్‌లోని పాత చెక్క ఫామ్‌హౌస్‌లు, జపాన్ పల్లెల్లోని పాత ఇళ్లు కూడా ఇదే సూత్రంతో నిలబడ్డాయి.

చౌడు మట్టే ఎందుకు?

మిద్దె పైన చివరి పొరగా చౌడు మట్టి వేస్తారు. పంటకు పనికిరాని ఈ మట్టి ఇంటికి మాత్రం గొడుగు. ఇందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని రంధ్రాలను మూసేస్తాయి. దాంతో నీళ్లు కిందికి దిగవు. చౌడులో గడ్డి కూడా సరిగా మొలవదు కాబట్టి వేర్లు పొరను చీల్చే భయం తక్కువ. మందపాటి మట్టి మధ్యాహ్నం ఎండను వెంటనే లోపలికి రానివ్వదు. తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజు రేకుల ఇంట్లో ఉండి చూసినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే

చౌడు పొర వానకు కొట్టుకుపోతుంది. అందుకే వానలకు ముందు కొత్త మట్టి వేయాలి. పని తేలిక అవుతుందని చాలాచోట్ల పాత మట్టి తీయకుండానే దాని మీద కొత్తది వేసేస్తారు. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఓ చిన్న లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది మీద అర అడుగు మట్టి ఉందనుకోండి. అంటే 100 ఘనపుటడుగులు. ఘనపుటడుగు పొడి మట్టి సుమారు 45 కిలోలు. మొత్తం నాలుగున్నర టన్నులు! దాని మీద ఒక్క అంగుళం మట్టి పెరిగితే ఇంకో 750 కిలోలు చేరినట్టే. వాన నీళ్లు ఇంకితే బరువు ఇంకా పెరుగుతుంది. దూలం మాత్రం తాతల నాటిదే. పైగా గోడలో దాగిన దాని చివరలు తడికి నాని, చెదలు తిని ఉంటాయి. బయటికి కనిపించే నడిమి భాగం మాత్రం నున్నగా, గట్టిగానే ఉంటుంది. చూసి మోసపోయేది అక్కడే.

మట్టి గోడకు సిమెంట్ పూత వేయడం మరో పొరపాటు. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గోడ అందంగా కనిపిస్తుంది కానీ లోపల చెక్క పుచ్చిపోతుంది.

మీ ఇంట్లో ఇవి చెక్ చేయండి

- దూలం గోడలోకి వెళ్లే చోట సుత్తితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా, స్క్రూడ్రైవర్ సులువుగా దిగినా లోపల పుచ్చినట్టే.
- దూలం నడిమిలో కిందికి వంగిందా? కింద నుంచి దారం పట్టి చూస్తే తెలిసిపోతుంది.
- దూలం కింద గోడలో కొత్తగా నిలువు పగులు వచ్చిందా? పైనుంచి మట్టి రాలుతోందా?
- మిద్దె మీది నీళ్లు పోయే దోనెల్లో చెత్త ఇరుక్కుందా? నీళ్లు నిలిస్తే బరువు, తేమ రెండూ పెరుగుతాయి.
- కొత్త మట్టి వేసే ముందు పాత మట్టి కొంత తీయించండి.
- హాలు పెద్దది చేయడానికి స్తంభం తీసేయొద్దు. ఏది బరువు మోస్తుందో తెలియకుండా గోడనూ కదపొద్దు.

వంపు, పగులు కనిపిస్తే ఆ గదిలో పడుకోవద్దు. వాన తెరిపిచ్చిందని వెంటనే లోపలికి వెళ్లొద్దు, తడిసిన మట్టి ఆరేదాకా బరువు అలాగే ఉంటుంది. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు చెప్పి ఇల్లు చూపించండి.

కూల్చడమే దారా?

కాదు. చివర పుచ్చిన దూలానికి పక్కన ఆసరా స్తంభం నిలబెట్టొచ్చు. పాడైన దంతెల్ని ఒక్కొక్కటిగా మార్చొచ్చు. చెక్క ఇంటికి ఉన్న ప్లస్ పాయింట్ ఇదే, భాగం పాడైతే భాగమే మారుతుంది. కానీ ఈ పని తెలిసిన వడ్రంగులు తగ్గిపోతున్నారు, గట్టి కలప ఖరీదైపోయింది. ఎర్రచందనం చెట్టును అనుమతి లేకుండా నరికితే నేరం.

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తింది. ఈ ప్రాంతానికి అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనాలే గండం. కాబట్టి మిద్దెక్కి మట్టి చూడాల్సింది, దూలం తట్టాల్సింది ఆ ముసురు పట్టకముందే.