ఇసుకలో పట్టాలు ఎలా నిలుస్తాయి?

మా మేనమామ సౌదీలో రైల్వే ట్రాక్ మీద పనిచేస్తాడు. మాది జగిత్యాల దగ్గర ఊరు. అక్కడ గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు లేని వాడ ఉండదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కానీ హాస్టల్లో ఎవరైనా "మీ మామ అక్కడ ఏం చేస్తాడ్రా?" అని అడిగితే "రైల్వే ప్రాజెక్ట్‌లో సూపర్‌వైజర్" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. మామని నేరుగా అడిగితే ఆయన ఒక్క మాటలో చెప్పేస్తాడు: "ఇసుక ఎత్తుతం రా."

పోయిన ఎండాకాలం వీడియో కాల్‌లో కాస్త తెలివిగా మాట్లాడుదామని అడిగాను. "అన్ని కోట్లు పెట్టి కట్టినోళ్ళు ఇసుక పడకుండా కట్టలేకపోయారా మామా?" ఆయన నవ్వాడు. "నువ్వు ఇంజనీరువి గదా, నువ్వే చెప్పు."

నాది సీఎస్‌ఈ. ట్రాక్ గురించి నాకేం తెలుసు? అయినా ఆ ప్రశ్న వదల్లేదు. సెమిస్టర్ పరీక్షలు పక్కన పెట్టి మరీ చదివాను. అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నా.

అక్కడ రైళ్ళు ఎందుకు?

గల్ఫ్ అంటే మనకి విమానాలు, హైవేలే గుర్తొస్తాయి. కానీ సౌదీలో దమ్మామ్ నుంచి రియాద్‌కి 1951లోనే రైలు మార్గం ఉంది. ఉత్తరాన గనుల నుంచి ఫాస్ఫేట్, బాక్సైట్ తెచ్చే నార్త్-సౌత్ లైన్‌లో 2011లో గూడ్స్ మొదలైంది. మక్కా, మదీనాల మధ్య సుమారు 450 కిలోమీటర్ల హరమైన్ లైన్ 2018లో మొదలైంది. అందులో రైళ్ళు గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. యూఏఈలో ఎతిహాద్ రైల్ 2016లో గంధకం మోయడంతో మొదలై, 2023 నాటికి సుమారు 900 కిలోమీటర్ల గూడ్స్ నెట్‌వర్క్ అయింది. ఆ గంధకం రైలు ఒక్కోటి 110 వ్యాగన్ల దాకా, 11,000 టన్నుల దాకా ఉంటుంది. అంత బరువు రోజూ పరిగెత్తేది ఇసుక మధ్యలో వేసిన రెండు ఇనుప పట్టాల మీద.

మొదటి శత్రువు: ఎండ

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకి సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కదా? ఒక కిలోమీటర్ పట్టా, 50 డిగ్రీల తేడా వేసి లెక్క కట్టండి. 60 సెంటీమీటర్లు వస్తుంది!

పాత రోజుల్లో దీనికోసమే పట్టాల మధ్య చిన్న ఖాళీలు వదిలేవాళ్ళు. రైల్లో వినిపించే ఆ టక టక శబ్దం దానివల్లే. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవునా అతికించేస్తున్నారు. మరి ఆ 60 సెంటీమీటర్లు ఎటుపోతాయి? ఎటూ పోవు. స్లీపర్లు, వాటి చుట్టూ ఉన్న కంకర పట్టాను కదలనివ్వవు. సాగలేని పట్టా లోపల ఒత్తిడి పెరుగుతుంది. మీటరుకి 60 కిలోల బరువుండే పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే ఆ ఒత్తిడి సుమారు 55 టన్నుల బలంతో సమానం. అదీ ఒక్క పట్టాలో. కంకర పట్టు ఎక్కడైనా సడలిందంటే లైన్ పాములా పక్కకి వంకర తిరుగుతుంది.

అందుకే వెల్డింగ్ చేసేముందు ఒక ఉష్ణోగ్రత నిర్ణయించుకుంటారు. ఆ ఉష్ణోగ్రత దగ్గర పట్టాలో లాగుడూ ఉండదు, నొక్కుడూ ఉండదు. గల్ఫ్‌లో గాలి 48 డిగ్రీలుంటే ఎండలో ఉన్న పట్టా 65 దాకా వెళ్తుంది. చలికాలం రాత్రి బాగా చల్లబడుతుంది. కాబట్టి ఆ అంకెను రెండింటికీ సరిగ్గా మధ్యలో పెట్టరు, కాస్త వేడి వైపుకి జరుపుతారు. అంటే పట్టాను ముందే హైడ్రాలిక్ జాకీలతో లాగి పట్టుకుని అతికిస్తారు. చలిలో పట్టా తెగితే చాలా లైన్లలో సిగ్నల్ వ్యవస్థకి తెలుస్తుంది. ఎండలో వంకర తిరిగితే ఏ సిగ్నలూ ముందు చెప్పదు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: పట్టాను పట్టుకుని ఉంచేది కంకర.

రెండో శత్రువు: ఇసుక

ఇసుక గాలిలో ధూళిలా ఎగురుతుందని అనుకునేవాణ్ణి. నిజానికి ఎక్కువ భాగం గెంతుతుంది. ఒక రేణువు లేచి, కాస్త దూరం వెళ్ళి పడి, ఇంకో నాలుగిటిని లేపుతుంది. ఈ ప్రయాణమంతా ఎక్కువగా నేలకి మీటరు ఎత్తులోపే జరుగుతుంది. రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీర్ ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో తిరిగి, విండ్ టన్నెల్లో ప్రయోగాలు చేసి, 1941లో దీని మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన లెక్క ప్రకారం గాలి తీసుకెళ్ళే ఇసుక, గాలి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వేగం రెట్టింపు అయితే ఇసుక 8 రెట్లు. అంటే పది రోజుల మామూలు గాలి చేయని పని ఒక్క రాత్రి తుఫాను చేసేస్తుంది.

పట్టా, కంకర, కట్ట ఈ గెంతే ఇసుకకి అడ్డం. గాలి వేగం తగ్గిన చోట ఇసుక దిగిపోతుంది. రాళ్ళ మధ్య ఖాళీల్లోకి జారుతుంది.

ఆ ఖాళీలే కంకరకి ప్రాణం. రైలు బరువు పడినప్పుడు రాళ్ళు కొద్దిగా సర్దుకుని దెబ్బని మింగేది, నీళ్ళు కిందికి పోయేది ఆ ఖాళీల వల్లే. అవి ఇసుకతో నిండితే ట్రాక్ దాదాపు సిమెంటు గచ్చులా బిగుసుకుపోతుంది. దెబ్బంతా స్లీపర్లకి, పట్టాకి, చక్రాలకి తగులుతుంది. కాంక్రీటు స్లీపర్లు పగులుతాయి. ట్యాంపింగ్ మెషిన్ పెట్టి రాళ్ళు సర్దుదామన్నా ఇసుక సర్దుకోనివ్వదు. పైగా ఎడారి ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ ఉక్కు కన్నా గట్టిది. చక్రానికి, పట్టాకి మధ్య పడి రెండింటినీ అరగదీస్తుంది. అందుకే అక్కడ పైభాగం ప్రత్యేకంగా గట్టిపరచిన పట్టాలు వాడతారు.

మరి ఆపలేరా?

చాలా మార్గాలున్నాయి, కానీ ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది.

మొదటిది, వీలైనంతవరకు ఇసుక తిన్నెల్ని తప్పించుకుని దారి ఎంచుకోవడం. కానీ అల్ నఫూద్, దహ్నా లాంటి ఇసుక ప్రాంతాలు దేశానికి అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. నార్త్-సౌత్ లైన్ వాటిని దాటక తప్పలేదు.

రెండోది, ట్రాక్‌ను ఎత్తైన కట్ట మీద వేసి, కట్ట వాలును నెమ్మదిగా ఉంచడం. అప్పుడు గాలి పైకి వచ్చేసరికి వేగం పుంజుకుని ఇసుకని పట్టాల మీదుగా దాటించేస్తుంది. కానీ కట్ట ఎంత ఎత్తయితే అంత మట్టి కావాలి.

మూడోది కంచె. ఆశ్చర్యం ఏంటంటే గోడ కన్నా సగం ఖాళీలున్న కంచె బాగా పనిచేస్తుంది. గోడకి కొట్టుకున్న గాలి సుడులు తిరిగి ఇసుకని మళ్ళీ లేపుతుంది. కంచెలోంచి దూరిన గాలి నెమ్మదించి ఇసుకని వదిలేస్తుంది. కందకాలు తవ్వడం, తిన్నెల మీద గులకరాళ్ళు పరచడం కూడా ఇలాంటివే.

నాలుగోది కంకరే లేకుండా కాంక్రీటు పలక మీద పట్టాలు బిగించడం. ఇసుక దూరడానికి ఖాళీలే ఉండవు. కానీ ఖర్చు చాలా ఎక్కువ, కింద నేల కుంగితే సరిచేయడం కష్టం. పైన పేరుకునే ఇసుకని అది కూడా ఆపలేదు.

ఉప్పు, వాన, సిగ్నల్

తీరం వెంబడి సబ్ఖా అనే ఉప్పు నేలలుంటాయి. భూమిలోని ఉప్పునీళ్ళు పైకి ఎగబాకి కాంక్రీటులోకి చేరితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అందుకే సిమెంటు రకం నుంచి జాగ్రత్త పడాలి. ఎడారిలో వాన రాదనుకుంటే అదీ పొరపాటే. వస్తే ఎండిన వాగులన్నీ ఒకేసారి పొంగుతాయి. 2017 ఫిబ్రవరిలో దమ్మామ్ దగ్గర వరదకి ట్రాక్ కింది మట్టి కొట్టుకుపోయి ప్రయాణికుల రైలు పట్టాలు తప్పింది.

నా బ్రాంచికి దగ్గరైన సంగతి సిగ్నల్. ట్రాక్ సర్క్యూట్‌లో రెండు పట్టాల గుండా చిన్న కరెంటు పంపుతారు. రైలు చక్రాలు ఆ రెండింటినీ కలిపితే "ఇక్కడ రైలు ఉంది" అని తెలుస్తుంది. రాత్రి మంచుకి తడిసిన ఉప్పు ఇసుక పట్టాల మధ్య కరెంటుని కారనిస్తే, రైలు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అది ఆలస్యం మాత్రమే. కానీ పొడి ఇసుక పొర చక్రానికి, పట్టాకి మధ్య పడితే ఉన్న రైలు కనిపించకుండా పోవచ్చు. అది ప్రమాదం. అందుకే ఇలాంటి చోట్ల ఇరుసుల్ని లెక్కపెట్టే ఆక్సిల్ కౌంటర్లు నయం: లోపలికి ఎన్ని వెళ్ళాయి, బయటికి ఎన్ని వచ్చాయి. మన కౌంటర్ వేరియబుల్ లాంటిదే.

మామ ప్రశ్నకి జవాబు

ఇవన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది. ఇసుక పడకుండా ఎవరూ కట్టలేరు. డిజైన్ చేయగలిగింది ఇసుక ఎంత త్వరగా వస్తుందన్నది తగ్గించడం వరకే. కంచె నిండుతుంది, కందకం పూడుతుంది. మిగిలింది మనుషులు, మెషిన్లు తీయాల్సిందే. తీయకపోతే కంకర బిగుసుకుంటుంది, స్లీపర్లు పగులుతాయి, 11,000 టన్నుల రైలు ఆగిపోతుంది. కాబట్టి ఇసుక ఎత్తే పని డిజైన్‌లో తప్పు వల్ల వచ్చింది కాదు. డిజైన్‌లో చివరి భాగమే అది.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ నెలల్లో మామ వాళ్ళది ఎక్కువగా రాత్రి డ్యూటీ. నా ఫస్టియర్ ఫీజులో సగం ఆ రాత్రుల నుంచే వచ్చింది.

ఈ వ్యాసం పంపేముందు ఫోన్లో ఆయనకి చదివి వినిపించాను. పట్టా ఒత్తిడి లెక్క దగ్గర "అబ్బో" అన్నాడు. కంచె దగ్గర ఆపాడు.

"నిండుతది అని రాసినవ్, మంచిదే. నిండినంక ఏం జేస్తరో రాయలే."

"ఏం చేస్తారు మామా?"

"దాని మీద ఇంకో కంచె పాతుతం. అదీ నిండుతది. మల్ల ఇంకోటి."

అది నేను చదివినవాటిలో ఎక్కడా దొరకలేదు. ఇక హాస్టల్లో ఎవరైనా అడిగితే, మా మామ ట్రాక్ మీద ఇసుక ఎత్తుతాడని చెప్తాను. ఎందుకు అని అడిగితే, ఈ వ్యాసం లింక్ పంపుతాను.