మీకు తెలుసా? నవ్వితే ఒకటి, నవ్వకపోతే ఇంకొకటి

ఇంగ్లిష్‌లో ‘రిడిక్యూల్’ అంటే ఎగతాళి. లాటిన్‌లో నవ్వడం అనే క్రియ నుంచి వచ్చిన మాట కాబట్టి, అందులో నవ్వు ఉండి తీరాలి. ‘కంటెంప్ట్’కి ఆ అవసరం లేదు. ఎదుటివాణ్ని పురుగులా చూస్తూ పైకి నమస్కారం పెట్టినా అది కంటెంప్టే.

‘డిస్‌డెయిన్’ది ఇంకో తీరు. ఇది నా స్థాయికి తగదు అని ముఖం తిప్పుకోవడం. ‘స్కార్న్’లో కాస్త మంట కూడా ఉంటుంది, దాచినా దాగదు. ‘జీర్’ అంటే గేలి కేకలు, ఎక్కువగా గుంపు పని: అవుటై వెళ్తున్న బ్యాటర్ వెనక స్టాండ్స్‌లో లేచే గోల అలాంటిదే. ‘స్నీర్’ ముఖంలోనే కనిపిస్తుంది, పై పెదవి ఓ పక్కకి లేస్తుంది. ‘సూపర్‌సిలియస్’ అనే పొగరు మాటకి మూలం లాటిన్‌లో కనుబొమ! అన్నిటికన్నా ఘోరం ‘సార్కాజం’. దాని గ్రీకు మూలానికి మాంసం చీల్చడమని అర్థం. వాతలు తేలే వెటకారం రుచి చూసినవాళ్లు కాదనరు.

మన పేపర్లలో తరచూ కనిపించే ‘కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్’ (కోర్టు ధిక్కరణ)కి మాత్రం మనసులోని చిన్నచూపుతో పని లేదు. జడ్జిగారి మీద ఎంత గౌరవమున్నా సరే, తీర్పును కావాలని అమలు చేయకపోతే ధిక్కరణే. 1971 నాటి చట్టం ప్రకారం దీనికి 6 నెలల వరకు సాధారణ జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ. మనస్ఫూర్తిగా క్షమాపణ చెబితే కోర్టు శిక్ష తప్పించనూవచ్చు.