మీకు తెలుసా? డెల్యూషన్ వట్టి పొరపాటు కాదు

• ఎన్ని రుజువులు చూపినా సడలని తప్పుడు నమ్మకాన్ని ఇంగ్లిష్‌లో ‘డెల్యూషన్’ అంటారు. మోసగించడం అనే అర్థమున్న లాటిన్ మాట ‘డెలూడెరె’ దీనికి మూలం.

• ‘ఇల్యూషన్’ వేరు. మసక వెలుతురులో తాడు పాములా కనిపిస్తే అది ఇల్యూషన్. దీపం తెస్తే పోతుంది. డెల్యూషన్ అలా పోదు. ఎవరూ లేకున్నా గొంతులు వినిపిస్తే అది ‘హాల్యూసినేషన్’.

• జర్మన్ మానసిక వైద్యుడు కార్ల్ యాస్పర్స్ 1913లో డెల్యూషన్‌కు మూడు గుర్తులు చెప్పాడు: అచంచలమైన నమ్మకం, ఎదురు వాదనకు లొంగకపోవడం, విషయం అసంభవంగా ఉండడం.

• వైద్యేతర అర్థంలోనూ ఈ మాట వాడుక పాతదే. గుంపులను ఊపేసిన వెర్రి నమ్మకాలపై స్కాట్లాండ్ రచయిత చార్లెస్ మెకే 1841లో రాసిన పుస్తకం పేరులోనే ఇది ఉంది.

• ఒక సమాజంలో అందరూ పాటించే మత, సాంస్కృతిక విశ్వాసాలను వైద్యులు డెల్యూషన్‌గా లెక్కించరు.

• పొరుగువారు విషం పెడుతున్నారనో, ఎవరో వెంటాడుతున్నారనో ఇంట్లో ఒకరు గట్టిగా నమ్ముతుంటే వాదనతో ఆ నమ్మకం మారదు. వెక్కిరిస్తే వాళ్లు మరింత ఒంటరివారవుతారు. వాళ్ల భయాన్ని ఓపిగ్గా విని, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.